రాత్రి మిగిలిన అన్నం: హాట్‌ప్యాకా, ఫ్రిజ్జా, చద్దన్నమా.. ఏది మేలు?

రాత్రి ఎంత కొలిచి వండినా రెండు గరిటెలు మిగలని ఇల్లుండదు. పారేయడానికి చేతులు రావు, రాకూడదు కూడా. మరి పొద్దున దాకా ఆ అన్నాన్ని ఎలా ఉంచుతున్నారు? కొందరు గిన్నె మీద మూతేసి స్టవ్ పక్కన వదిలేస్తారు, కొందరు హాట్‌ప్యాక్‌లోకి తీస్తారు, కొందరు ఫ్రిజ్‌లో తోస్తారు, ఊళ్ళల్లో ఇంకా చాలామంది నీళ్ళు పోసి చద్దన్నం చేస్తారు. ఇవన్నీ ఒకటే అనుకుంటాం గానీ కడుపు విషయానికొస్తే చాలా తేడా ఉంది.

తేడా అంతా బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వల్ల. ఇది మట్టిలో ఉండేది, పొలం నుంచి బియ్యంతో పాటే మన వంటింటికి వస్తుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఉడికిస్తే చావాలి కదా అంటే, గట్టి తొక్క ఉన్న విత్తనం లాగా ముడుచుకుని స్పోర్ రూపంలో ఉంటుంది, అందుకే అన్నం వండినంత మాత్రాన అన్నీ చావవు. అన్నం గోరువెచ్చగా అయ్యేసరికి ఆ స్పోర్లు మొలకెత్తి పెరగడం మొదలుపెడతాయి. 30 నుంచి 40 డిగ్రీల మధ్య వాటికి బాగా సౌకర్యం, అంటే మన వంటిల్లే.

ఇక్కడ అందరూ పొరపడే విషయం ఒకటుంది. "పొద్దున బాగా వేడి చేసి తింటాం కదా, ఏమవుతుంది" అంటారు. పెరిగిన బ్యాక్టీరియా వేడికి చస్తుంది నిజమే, కానీ అది అన్నంలో వదిలిన సెరూలైడ్ అనే విషం చావదు. 126 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా ఆ విషం నిలబడుతుందని టెస్టుల్లో తేలింది, మన ప్రెషర్ కుక్కర్ కూడా సుమారు 120 డిగ్రీల దాకానే వెళ్తుంది, ఇంక మూకుట్లో ఐదు నిమిషాలు వేయించే పోపన్నం సంగతి చెప్పేదేముంది. పులుపుకీ లొంగదు, కాబట్టి రాత్రంతా బయటున్న అన్నంలో పొద్దున నిమ్మకాయ పిండి పులిహోర చేసినా విషం అలాగే ఉంటుంది.

1970ల్లో బ్రిటన్‌లో ఇదే జరిగింది. అక్కడి చైనీస్ టేక్‌అవేల్లో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళకి వరసగా వాంతులు. ఫ్రిజ్‌లో పెడితే అన్నం ముద్ద కడుతుందని పెద్ద పెద్ద గిన్నెల్లో ఉడికించి బయటే గంటలు గంటలు ఉంచి, ఆర్డర్ రాగానే గుడ్డు వేసి చకచకా వేయించి ఇచ్చేవాళ్ళు. మన పోపన్నం కథా అచ్చం అదే కదా!

తిన్నాక అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే ఎక్కువగా ఈ రకం విషమే. ఇదే బ్యాక్టీరియాతో ఇంకో రకం కూడా ఉంది, అది 6 నుంచి 15 గంటల తర్వాత కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలతో వస్తుంది. మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది గానీ ఎప్పుడూ అంత తేలిగ్గా వదలదు. 2008లో బ్రస్సెల్స్‌లో 20 ఏళ్ళ కుర్రాడు ఐదు రోజులు బయటే ఉన్న స్పఘెట్టీ (నూడుల్స్ లాంటి పాస్తా) వేడి చేసుకుని తిని, ఆ రాత్రే నిద్రలో చనిపోయాడు. చాలా అరుదైన కేసే, కానీ ఆ సెరూలైడ్ విషం లివర్‌ని దెబ్బతీయగలదని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు పోలికకి వద్దాం. నా లెక్కలో అన్నిటికంటే చెడ్డది హాట్‌ప్యాక్. స్టవ్ పక్కన గిన్నె కంటే కూడా! ఎందుకంటే హాట్‌ప్యాక్ వేడి పుట్టించదు, ఉన్న వేడిని మెల్లగా వదులుతుంది. 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు బ్యాక్టీరియా పెరగదు, అందుకే మధ్యాహ్నం 12కి పెట్టి రెండింటికి తినేదానికి హాట్‌ప్యాక్ బంగారం. కానీ రాత్రి తొమ్మిదింటికి పెట్టి పొద్దున తెరిస్తే, మధ్యలో గంటల తరబడి ఆ అన్నం బ్యాక్టీరియా కోరుకునే వెచ్చదనంలోనే ఉంటుంది, పైగా మూత కింద తడి. పిల్లల డబ్బాలోకి ఆ అన్నమే పోపు పెట్టి పంపుతుంటే నాకు నిజంగా భయమేస్తుంది. గిన్నెలో వదిలేసింది కాస్త త్వరగా చల్లారుతుంది, అంతే, అది కూడా మన ఎండాకాలంలో పనికొచ్చే పద్ధతి కాదు.

ఎలక్ట్రిక్ కుక్కర్ వార్మ్‌లో ఉంచితే 60 డిగ్రీలు దాటి ఉన్నంతవరకు భయం లేదు. కరెంటు పోతే మాత్రం అదీ హాట్‌ప్యాకే.

ఫ్రిజ్ మంచిదే, కానీ పెట్టే తీరులో ఉంది అంతా. చాలామంది నిద్రపోయే ముందు పదకొండింటికి గుర్తొచ్చి కుక్కర్ గిన్నె గిన్నెంతా లోపల పెడతారు, అప్పటికే రెండు మూడు గంటలు పోయాయి, ఆ ముద్ద మధ్యలో ఉన్న అన్నం చల్లబడటానికి ఇంకొన్ని గంటలు పడుతుంది. భోజనాలవ్వగానే వెడల్పు పళ్ళెంలో పలచగా పరిచి, ఆవిరి తగ్గాక మూత పెట్టి లోపల పెట్టేయాలి. వండాక రెండు గంటల్లోపు, గది 32 డిగ్రీలు దాటి ఉంటే గంటలోపు, ఇది అమెరికా వాళ్ళ లెక్క. మనకి మార్చి నుంచి జూన్ దాకా గంట లెక్కే పెట్టుకోవాలి. ఎన్ని రోజులు ఉంచొచ్చు అంటే అమెరికాలో మూడు నాలుగు రోజులంటారు, బ్రిటన్ వాళ్ళు అన్నానికి 24 గంటలే అంటారు. రోజుకి రెండు మూడు సార్లు కరెంటు పోయే ఊళ్ళో ఉన్నవాళ్ళకి నేను బ్రిటన్ మాటే చెప్తా. కావలసినంతే బయటికి తీసి, పొగలొచ్చేలా ఒక్కసారే వేడి చేయాలి, మళ్ళీ మిగిలితే మళ్ళీ లోపల పెట్టొద్దు.

చద్దన్నం సంగతి వేరు. మన సద్దన్నం, తరవాణి, ఒడిశా పొఖాళొ, బెంగాల్ పాంతా భాత్, తమిళుల పళయ సోరు, అన్నీ ఒకే పద్ధతి. చల్లారిన అన్నంలో నీళ్ళు పోస్తే వేడి ఇంకా దిగిపోతుంది, పులియబెట్టే మంచి బ్యాక్టీరియా పెరిగి లాక్టిక్ యాసిడ్ తయారవుతుంది, పులుపు బాగా ఎక్కాక బాసిల్లస్ సీరియస్ ఎదగలేదు. ఫ్రిజ్ లేని ఇంటికి ఇంతకు మించిన దారి లేదు. కానీ ఆ పులుపు ఎక్కడానికి కొన్ని గంటలు పడుతుంది కదా, ఆ లోపు చెడ్డది ముందు పెరిగే అవకాశం ఉంది. అందుకే ఉత్త నీళ్ళ కంటే, గరిటెడు పెరుగో మజ్జిగో నిన్నటి తరవాణో (పులిసిన అన్నం నీళ్ళు) కలిపితే చాలా మేలు, మంచి బ్యాక్టీరియా మొదట్నుంచే ఎక్కువగా ఉంటుంది. పెద్దవాళ్ళు తరవాణి కుండ ఖాళీ చేయకుండా కాస్త అడుగున ఉంచేది అందుకే.

ఒక్క షరతు, నీళ్ళు. చద్దన్నాన్ని మళ్ళీ ఉడికించం, కాబట్టి ఆ నీళ్ళలో విరేచనాలు తెచ్చే ఈ.కోలి గానీ టైఫాయిడ్ క్రిమి గానీ ఉంటే నేరుగా కడుపులోకే. కాచి చల్లార్చిన నీళ్ళే పోయండి. చెయ్యి పెట్టి పిసకొద్దు, గరిటె వాడండి, ఎందుకంటే మన చర్మం మీద, ముక్కులో స్టెఫిలోకోకస్ ఆరియస్ అనే ఇంకో బ్యాక్టీరియా ఉంటుంది, దాని విషమూ వేడికి లొంగదు.

కాబట్టి ఫ్రిజ్ ఉండి, గంటలో పెట్టగలిగితే ఫ్రిజ్. లేకపోతే పెరుగు కలిపిన చద్దన్నం, పొద్దున్నే తినేయాలి, మధ్యాహ్నం దాకా ఉంచొద్దు. గర్భిణులకి, పసిపిల్లలకి, షుగర్ బాగా ముదిరినవాళ్ళకి, కీమో తీసుకునేవాళ్ళకి మాత్రం రెండూ కాదు, అప్పటికప్పుడు వండిందే పెట్టండి. ప్రయాణానికైతే వేడి అన్నంలోనే చింతపండు పులుసు కలిపిన పులిహోర బెటర్, అది మొదట్నుంచే పుల్లగా ఉంటుంది.

ఎవరికైనా వాంతులు మొదలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలిపి, గుటక గుటకగా తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. విరేచనంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, కళ్ళు పచ్చబడినా, మనిషి మగతగా ఉన్నా, తాగింది తాగినట్టే కక్కేస్తున్నా ఇంట్లో కూర్చోకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, ఏం తిన్నారో, ఎన్ని గంటల కింద వండిందో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.