హైదరాబాద్ కృష్ణానగర్‌లో లెన్స్ అద్దెకి తీసుకునేవాళ్లూ, ముందు దాని వెనక అద్దం చూసుకోండి

22 వేలు పోయాయి. అందులో 7 వేలు నిన్న రాత్రి నా ఫోన్‌తో నేనే యూపీఐ కొట్టాను. దొంగ జేబు కొట్టేసినా ఇంత మండేది కాదు.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మేం ఐదుగురం. చిన్నప్పుడు టీవీలో విఠలాచార్య గారి జానపదాలు చూసి పిచ్చెక్కినవాళ్లం. ఆ అభిమానంతో ఇరవై నిమిషాల సినిమా ఒకటి తీద్దామనుకున్నాం. ఒక మాంత్రికుడు, ఒక రాకుమారుడు, ఒక అస్థిపంజరం. తలా 12 వేలు వేసుకుంటే 60 వేలు అయింది. తక్కువ డబ్బుతో మాయలు చూపించడంలో ఆయన్ని మించినవాడు లేడు కదా, అదే మా ధైర్యం. రాళ్ల సీన్లు ఖాజాగూడ గుట్టల దగ్గర తీశాం. గుహేమో అల్వాల్‌లో మా మేనమామ కట్టిస్తున్న ఇంటి సెల్లారు. కిరీటానికి బేగంబజార్‌లో కొన్న బంగారు రంగు కాగితం, అట్టముక్క. అస్థిపంజరం కథ వేరే ఉంది, ఇప్పుడు దాని జోలికి పోను.

సెల్లారు చీకటి కాబట్టి, తక్కువ వెలుతురులో బాగా తీస్తుందని సోనీ ఏ7ఎస్ 3 కెమెరా అద్దెకి తీసుకున్నాం. దాంతో 24-70 జీఎం లెన్స్ ఒకటి, ట్రైపాడ్, రెండు లైట్లు. శని, ఆదివారాలకి అద్దె 9 వేలు, డిపాజిట్ 15 వేలు. పైగా నా ఒరిజినల్ డ్రైవింగ్ లైసెన్స్. ఆ షాపు ఏదో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. షార్ట్ ఫిల్మ్ తీసినవాడెవడైనా ఒక్కసారైనా ఆ మెట్లు ఎక్కే ఉంటాడు.

శుక్రవారం సాయంత్రం అక్కడ పనిచేసే కుర్రాడు లెన్స్ కెమెరాకి బిగించి, బ్యాగు జిప్పు తీసి "అన్నీ ఉన్నయ్ అన్నా, చూస్కోండి" అన్నాడు. నేనేం చూశాను? బ్యాటరీలు లెక్కపెట్టాను. మూడు. ఛార్జర్ ఉందా, ఉంది. లెన్స్ ముందు క్యాప్ తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేశాను. పెళ్లిచూపులకి వెళ్లి పెళ్లికూతురి చెప్పులు చూసి వచ్చినట్టు.

సెల్లారులో కాగడా సీన్లు తీస్తుంటే మంట మీదుగా ఏటవాలుగా ఓ వెలుగు చార కనిపించింది. మా కెమెరా పట్టినవాడు మురిసిపోయాడు. "మాంత్రికుడి ఎఫెక్ట్ ఫ్రీగా వచ్చిందిరా" అన్నాడు. నేను చప్పట్లు కూడా కొట్టాను. డైరెక్టర్‌ని కదా.

ఆదివారం రాత్రి పదింటికి తిరిగి ఇవ్వడానికి వెళ్తే కౌంటర్లో ఓనరే ఉన్నాడు. కెమెరా బాడీ చూడలేదు. ట్రైపాడ్ ముట్టుకోలేదు. లైట్లు కవర్లోంచి తియ్యనైనా తియ్యలేదు. నేరుగా లెన్స్ విప్పి, బోర్లించి, వెనక అద్దం మీద ఫోన్ టార్చ్ వేశాడు. అంత బ్యాగులో ఎక్కడ వెతకాలో ఆయనకి అంత కచ్చితంగా ఎలా తెలిసిందో మీరే ఆలోచించుకోండి.

"గిదేంది తమ్మీ? గీత పడ్డది."

చూశాను. వెంట్రుక మందాన, అరగోరు పొడవున ఉంది. అప్పుడు వెలిగింది, మా మంత్రశక్తి ఎక్కడిదో.

"మేం లెన్స్ విప్పనే లేదన్నా. ఉన్నదే ఒకటి, విప్పి దాని బదులు ఏం పెడతాం? కెమెరాకి బిగించి ఉండగా వెనక అద్దానికి ఏం తగులుతుంది?"

"విప్పకుంటే గీత దానంతటదే పడ్తదా?"

డిపాజిట్ మొత్తం పట్టుకున్నాడు. అది చాలదట, ఇంకో 7 వేలు అవుతుందట. ఇస్తేగానీ లైసెన్స్ ఇవ్వడట. సర్వీస్ సెంటర్ వాళ్ల ఎస్టిమేట్ ఏదైనా చూపించమంటే "మనకి తెలిసిన మెకానిక్ ఉన్నడు" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, శుక్రవారం షాపు మెట్ల కిందే కెమెరా ఆన్ చేసి ఒక టెస్ట్ క్లిప్ తీశామని. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. వీధి లైటు మీద అదే చార, అదే ఏటవాలు. లైటు వెనకాల ఆయన బోర్డే కనిపిస్తోంది! ఈ కెమెరా ప్రతి క్లిప్పుకీ ఒక చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు రాసిపెడుతుంది, తీసిన తేదీ, టైం అందులో ఉంటాయి. శుక్రవారం సాయంత్రం 6:52. గెలిచేశాననుకున్నాను. నిజంగా, గుండె తేలికపడింది.

ఆయన స్క్రీన్ వైపు సగం చూసి, "టైం ఎవలైనా మార్చొచ్చు తమ్మీ" అన్నాడు.

"ఆ గడియారం పెట్టింది మీ షాపువాళ్లేగా అన్నా. బోర్డు కూడా నేనే మార్చానా?"

దానికి జవాబు లేదు. నవ్వాడు. పక్కనున్న కుర్రాళ్ల వైపు తిరిగి, "ఏం సినిమా అంటివి? ఫ్యాన్ ఫిల్మా? పైసల్ రాని సినిమాకి గింత షోకెందుకురా, ఫోన్ల తీస్కోరాదూ" అన్నాడు. శుక్రవారం నాకు బ్యాగు అప్పగించిన కుర్రాడు కూడా వాళ్లలో ఉన్నాడు. వాడూ నవ్వాడు. తర్వాత నా లైసెన్స్ డ్రాయర్లో పడేసి తాళం వేశాడు ఓనరు, నా కళ్ల ముందే.

పొద్దున్నే బండి మీద ఆఫీసుకి పోవాలి. బయట ఆటోలో మావాళ్లు అస్థిపంజరాన్ని ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఫోన్ తీసి స్కాన్ చేశాను. బిల్లు అడిగితే "రిపేరైనంక ఇస్త" అన్నాడు. గొడవ పెట్టుకోవాల్సింది. పోలీసులకి ఫోన్ చేస్తానని కనీసం ఒక్క మాటైనా అనాల్సింది. ఇంటికి పోయి పడుకున్నాక ఎన్ని డైలాగులు తట్టాయో! సినిమాకి రాసినవాటికంటే అవే బాగున్నాయి.

ఇప్పుడు ఎడిటింగ్‌కి కూర్చుంటే కాగడా వెలిగినప్పుడల్లా నాకు 22 వేలు కనిపిస్తున్నాయి.

మీరు తీసుకునేటప్పుడు లెన్స్ విప్పించి, ముందూ వెనకా టార్చ్ వేసి, ఇచ్చేవాడి మొహం కూడా పడేలా ఫోన్‌లో వీడియో తీసుకోండి. దగ్గర్లో ఉన్న లైటు వైపు తిప్పి ఒక క్లిప్ తీసి, అక్కడే వాళ్లకి చూపించండి. మాలాగా తిరిగి ఇచ్చేటప్పుడు కాదు. ఒరిజినల్ కార్డు మాత్రం ఏదీ వదలొద్దు, కుదరదంటే ఇంకో షాపుకి పోండి. ఆ వీధిలో షాపులకేం కొదవ?

పొద్దున 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. వ్యాపారం కోసం అద్దెకి తీసుకున్నవాడిని చట్టం వినియోగదారుడిగా లెక్కపెట్టదు. అందుకే "పైసల్ రాని సినిమా" అని ఆయన అన్న మాటని ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రాయించాను.