పసుపు జాకెట్ల ముందు ఫ్రాన్స్ ప్రభుత్వం: బలప్రయోగమా, రాయితీనా?

ఇంధన పన్ను పెంపుపై 2018 నవంబరు 17న పసుపు జాకెట్లతో జనం కూడళ్లలో బైఠాయించారు, ఆపై శనివారం శనివారం ఊరేగింపులు తీశారు. అధ్యక్షుడు మాక్రాన్ ప్రభుత్వం రెండు దారులూ పట్టింది.

బలప్రయోగం: డిసెంబరు 8న దేశమంతటా సుమారు 89,000 మంది పోలీసులను దించారు. చేతిలో భాష్పవాయువు, 40 మి.మీ. రబ్బరు గుళ్ల తుపాకులు. తలకు గురిపెట్టకూడదన్నది నిబంధన. కానీ పొగలో, పరుగెత్తే గుంపులో గురి నిలవదు. ఈ గుళ్లకూ గ్రెనేడ్లకూ ఇరవై మందికి పైగా ఒక కన్ను పోగొట్టుకున్నారు. ఇది దారుణం. పైగా ఒక్కో గాయం మరుసటి శనివారపు ఊరేగింపుకు కొత్త కారణమైంది.

రాయితీ: డిసెంబరు 4న పెంపు వాయిదా, మర్నాడే రద్దు. 10న కనీస వేతన కార్మికులకు నెలకు 100 యూరోలు, ఓవర్‌టైంపై పన్ను మినహాయింపు ప్రకటించారు. మొత్తం భారం సుమారు 1,000 కోట్ల యూరోలు. మెలిక ఏమిటంటే, ఆ వందలో ఎక్కువ భాగం జీతంలో కలవలేదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే భత్యంగా వచ్చింది. అందుకే అందరికీ అందలేదు. సంపన్నుల ఆస్తి పన్నును తిరిగి తేవడానికి మాత్రం ససేమిరా అన్నారు.

మా దృష్టిలో రాయితీయే మేలు. ఆ వాయిదా నవంబరులోనే ప్రకటించాల్సింది. డిసెంబరు 1న పారిస్ విజయతోరణంలో విధ్వంసం జరిగాక ఇవ్వడంతో, విధ్వంసానికే సర్కారు దిగొస్తుందని జనానికి అర్థమైంది.