తారాజువ్వా, పెళ్లి మేళమా: ఏ బ్యాండ్ బతుకు మేలు?

అమెరికా రూట్స్ రాక్, అంటే పాత జానపద బాణీల మీద కట్టిన రాక్, విందామనుకునే వాళ్లకి నేను మొదట వినిపించేది క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ పాటలే. ‘ప్రౌడ్ మేరీ’ సగం కూడా అవకముందే కాలు దానంతటదే ఆడుతుంది. కానీ నలుగురు స్నేహితులు కలిసి బ్యాండ్ పెడుతున్నాం, ఎవర్ని చూసి నేర్చుకోవాలి అని అడిగితే మాత్రం ఆ పేరు చెప్పను, లాస్ లోబోస్ పేరు చెబుతాను. రెండూ కాలిఫోర్నియా బ్యాండ్లే. రెండూ బడి స్నేహాల్లోంచి పుట్టి, పాత బ్లూస్‌నీ కంట్రీనీ జానపదాన్నీ రాక్‌లో కలిపినవే. ఒకటి వెలుగులోకి వచ్చిన నాలుగేళ్లకే పేలిపోయింది. రెండోది యాభై ఏళ్లు దాటినా వాయిస్తూనే ఉంది.

ముందు క్రీడెన్స్ సంగతి. ఆ నాలుగేళ్ల వెనక తొమ్మిదేళ్ల చాకిరీ ఉంది. 1959లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఎల్ సెరిటోలో జాన్ ఫోగర్టీ, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ అనే ముగ్గురు బడిపిల్లలు ‘బ్లూ వెల్వెట్స్’ అని మొదలుపెట్టారు. జాన్ అన్న టామ్ వాళ్లతో కలిశాడు. 1964లో ఫాంటసీ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీలో చేరితే, ‘గాలివాగ్స్’ అనే పేరొకటి అంటగట్టారు. 1968లో క్రీడెన్స్ అనే కొత్త పేరుతో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఇక 1969 చూడండి: ఒక్క ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు! ఇప్పుడు పెద్ద పెద్ద బ్యాండ్లు మూడు ఆల్బమ్‌లకి పదేళ్లు తీసుకుంటున్నాయి.

ఆ మూడింట్లో ఒకదాంట్లో ‘ఫార్చునేట్ సన్’ ఉంది. పట్టుమని రెండున్నర నిమిషాలు కూడా లేని పాట. వియత్నాం యుద్ధానికి పేదింటి కుర్రాళ్లు పోతుంటే పెద్దింటి కొడుకులు ఎలా తప్పించుకుంటున్నారన్నదే అందులో కోపం. మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మనవడు, అధ్యక్షుడిగా ఎన్నికైన నిక్సన్ కూతుర్ని పెళ్లాడిన వార్త తనని కదిలించిందని జాన్ తర్వాత చెప్పాడు. తను ఆర్మీ రిజర్వ్‌లో పనిచేసి వచ్చినవాడే కాబట్టి ఆ గొంతులో నటన లేదు. మరి లూసియానా చిత్తడి నేలల మీద పాడిన పాటలో? అదంతా ఊహే, పెరిగింది ఎల్ సెరిటోలోనే. అయినా నమ్మేస్తాం.

చిత్రమేమిటంటే, ఇన్ని హిట్లు కొట్టినా అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో వీళ్ల పాట ఒక్కటీ మొదటి స్థానానికి వెళ్లలేదు. ఐదుసార్లు రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది.

అసలు గొడవ ఇంట్లోనే. పాట రాసేది జాన్, పాడేది జాన్, రికార్డింగ్‌లో మాట చెల్లేది జాన్‌ది, బేరాలు మాట్లాడేదీ జానే. మొదట్లో పాడుతూ ముందు నిలబడ్డ అన్న టామ్, తమ్ముడి వెనక రిథమ్ గిటార్ వాయిస్తూ ఎన్నాళ్లుంటాడు? 1971లో వెళ్లిపోయాడు. మిగిలిన ఇద్దరూ మా వాటా ఏదన్నారు. సరే, తలా కొన్ని పాటలు మీరే రాసుకుని మీరే పాడుకోండన్నాడు జాన్. అలా వచ్చిన 1972 నాటి ‘మార్డీ గ్రా’ ఆల్బమ్‌ని విమర్శకులు చీల్చి చెండాడారు. అదే ఏడాది అక్టోబర్‌లో బ్యాండ్ ముగిసింది. నన్నడిగితే అందులో తప్పు స్టూ, డగ్‌లది మాత్రమే కాదు. ఏళ్ల తరబడి కలం ముట్టనివ్వకుండా, ఒక్కసారిగా పరీక్ష పెడితే ఎవరు మాత్రం గట్టెక్కుతారు?

ఆ తర్వాతది వింటే బాధేస్తుంది. కాంట్రాక్టు నుంచి బయటపడటానికి జాన్ క్రీడెన్స్ రికార్డుల మీద తనకొచ్చే రాయల్టీలనే వదులుకున్నాడు, ఏళ్ల తరబడి వాటిని స్టేజీ మీద పాడనన్నాడు. 1985లో సొంతంగా హిట్ కొడితే, నీ కొత్త పాట నీ పాత పాటకి కాపీ అంటూ ఫాంటసీ కేసు వేసింది. జాన్ సాక్షి బోనులోకి గిటార్ పట్టుకెళ్లి, వాయించి చూపించి మరీ గెలిచాడు. లాయర్ ఖర్చుల పేచీ సుప్రీంకోర్టు దాకా పోయి 1994లో తేలింది. టామ్ 1990లోనే చనిపోయాడు. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో సత్కారం జరిగితే, పక్కనే ఉన్న స్టూ, డగ్‌లతో కలిసి వాయించడానికి జాన్ ఒప్పుకోలేదు. కంపెనీ చేతుల్లో ఉండిపోయిన తన పాటల హక్కుల్లో ఎక్కువ భాగం ఆయన చేతికి వచ్చింది 2023లో.

లాస్ లోబోస్ కథలో ఇంత డ్రామా లేదు, అందుకే దాని మీద సినిమా తీయడం కష్టం. 1973లో ఈస్ట్ లాస్ ఏంజిల్స్‌లో డేవిడ్ హిడాల్గో, లూయీ పెరెజ్, సీజర్ రోసాస్, కాన్రాడ్ లొజానో జట్టుకట్టారు. అందరూ రాక్ వింటూ పెరిగినవాళ్లే. అయినా ఇళ్లలో తల్లిదండ్రులు వినే మెక్సికన్ జానపదాన్ని పని కట్టుకుని నేర్చుకున్నారు. ఏళ్ల పాటు పెళ్లిళ్లలో, పెరటి విందుల్లో హరానా, గిటరోన్ అనే మెక్సికన్ గిటార్లతో, అకార్డియన్‌తో వాయించారు. పెళ్లి మేళమంటే మనకి చులకనే గానీ, ఏ వయసు వాళ్లనైనా కూర్చోబెట్టే నేర్పు అక్కడే వస్తుంది. 1980లో ఒక పంక్ (గోలగా, కోపంగా వాయించే రాక్) కచేరీకి ముందు వాయించబోతే జనం చేతికందినవి విసిరారు. వాళ్లు మాత్రం పంక్ క్లబ్బుల వైపు వెళ్లడం మానలేదు. ‘బ్లాస్టర్స్’ అనే ఇంకో బ్యాండ్ నుంచి శాక్సఫోన్ వాయించే స్టీవ్ బెర్లిన్ వచ్చి చేరాడు.

1987లో రాక్ గాయకుడు రిచీ వాలెన్స్ జీవితం మీద వచ్చిన ‘లా బాంబా’ సినిమాకి వీళ్లు పాడిన అదే పేరున్న పాట ఏకంగా మొదటి స్థానం కొట్టేసింది. క్రీడెన్స్‌కి ఎన్నడూ అందనిది, మెక్సికోలోని వెరాక్రూజ్ జానపద పాట ఒకదానితో వీళ్లకి దక్కింది. ఇంకొకరైతే అలాంటివే ఇంకో పది పాటలు దింపేవాళ్లు. వీళ్లు మరుసటి ఏడాది పూర్తిగా స్పానిష్‌లో, పాత వాయిద్యాలతో ‘లా పిస్టోలా ఇ ఎల్ కొరజోన్’ చేశారు. అమ్మకాలు పడిపోయాయి, గ్రామీ వచ్చింది. ఆ తెగింపుకే వీళ్లంటే నాకు గౌరవం. ఇక్కడ పాటలెక్కువగా హిడాల్గో, పెరెజ్ కలిసి రాస్తారు. రోసాస్ తన పాటలు తను రాసుకుని పాడతాడు. వాటా అడిగి తెచ్చుకోవాల్సిన పని ఎవరికీ పడలేదు.

అలాగని వీళ్లకి లోటు లేదనను. ‘లా బాంబా’ తప్ప ఇంకో పాట చెప్పమంటే అమెరికాలోనే చాలామంది తడబడతారు. కొన్ని ఆల్బమ్‌లు సగం దాకా బాగుండి ఆపైన నీరసపడతాయి. క్రీడెన్స్‌లో ఆ నీరసం ‘మార్డీ గ్రా’ దాకా కనిపించదు. పాటకి పాట పెట్టి తూస్తే క్రీడెన్స్ వైపే మొగ్గుతుంది, అందులో నాకు అనుమానం లేదు.

ఇక వినేవాళ్లకి: క్రీడెన్స్‌లో 1970 నాటి ‘కాస్మోస్ ఫ్యాక్టరీ’తో మొదలుపెట్టండి, కారులోనైనా పర్లేదు. లాస్ లోబోస్‌లో 1992 నాటి ‘కీకో’ పట్టుకోండి. అది మాత్రం రాత్రిపూట, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. మొదటిసారి అర్థం కాకపోతే ఓ వారం ఆగి మళ్లీ వినండి, నాకూ రెండోసారికే ఎక్కింది.