కార్చిచ్చుకు ముందు: ఆర్బరిస్టా, మన నిచ్చెనా?

సిడ్నీ శివార్లలో అడవి అంచున ఇల్లున్నవారికి వేసవి వస్తోందంటే ఒకటే బెంగ, ఆ చెట్లను ఏం చేయాలని. ఆర్బరిస్ట్‌ను, అంటే చెట్ల నిపుణుణ్ణి పిలిస్తే చెట్టు మొదలు చుట్టూ తిరిగి, సుత్తితో తట్టి, లోపల డొల్ల ఉందేమో వింటాడు. ఏ కొమ్మ కొట్టాలో, ఏ చెట్టు ఉంచవచ్చో రాసిస్తాడు. ఫీజు తక్కువేమీ కాదు.

సొంతంగా ఇంటిని, చుట్టుపక్కలను శుభ్రం చేసుకోవడానికైతే ఒక నిచ్చెన, చేతి తొడుగులు, ఒక ఆదివారం చాలు. ముందు నా ఓటు దీనికే. కార్చిచ్చులో ఇళ్లు ఎక్కువగా అంటుకునేది మంట నేరుగా తగిలి కాదు, గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. ఇంటికప్పు అంచున వాననీటి గట్టర్‌లో ఎండిన యూకలిప్టస్ ఆకులు, గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టా, చెక్క డెక్ కింద పేరుకున్న చెత్త... రవ్వకు ఇంకేం కావాలి? వీటిని ఏ నివేదికా ఊడ్చిపెట్టదు.

ఇంటి మీదికి వాలిన పెద్ద చెట్టు సంగతి వేరు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 10/50 నియమం వర్తించే చోట, ఇంటికి 10 మీటర్లలోపు చెట్లను సాధారణంగా అనుమతి లేకుండానే తీసేయవచ్చు. 50 మీటర్లలోపు అయితే పొదలను మాత్రమే. మీ చిరునామా ఆ పరిధిలో ఉందో లేదో రాష్ట్ర గ్రామీణ అగ్నిమాపక సేవ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఉన్నా సరే, రంపం పట్టే పని మాత్రం ఆర్బరిస్ట్‌కే వదిలేయండి.