మొండి బకాయిల సంస్థను ఎవరు నిలదీస్తే మేలు: పీఏసీయా, విచారణ కమిషనా?

మన దగ్గర 2021లో ఎన్‌ఏఆర్‌సీఎల్ పేరుతో బ్యాడ్ బ్యాంక్ (బ్యాంకుల మొండి బకాయిలను కొని వసూలు చేసే సంస్థ) పెట్టి, కేంద్రం రూ.30,600 కోట్ల గ్యారంటీ ఇచ్చినప్పటి నుంచి చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. ఇలాంటి సంస్థ ఆస్తులను కారుచౌకగా అమ్మేస్తే పట్టుకునేది ఎవరు? ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే పార్లమెంటు కమిటీయా (పీఏసీ), జడ్జి నడిపే విచారణ కమిషనా? ఐర్లాండ్‌లో ఒకే అమ్మకం మీద రెండూ జరిగాయి కాబట్టి అక్కడే చూద్దాం.

2009 చట్టంతో వచ్చిన ఐర్లాండ్ బ్యాడ్ బ్యాంక్ నామా, ఐదు బ్యాంకింగ్ సంస్థల దగ్గర 7,400 కోట్ల యూరోల రియల్ ఎస్టేట్ అప్పులను 3,180 కోట్లకు తీసుకుంది. అందులో బ్రిటన్‌లో భాగమైన నార్తర్న్ ఐర్లాండ్ అప్పుల మూటను 2014లో ‘ప్రాజెక్ట్ ఈగిల్’ పేరుతో సెర్బెరస్ అనే అమెరికా సంస్థకు అమ్మింది. ఆ డీల్‌కు ముడిపడిన 70 లక్షల పౌండ్లు ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలోని ఖాతాలో ఉన్నాయని 2015 జులైలో మిక్ వాలెస్ అనే ఎంపీ సభలో ఆరోపించడంతో గొడవ మొదలైంది.

ప్రశ్న వేసేవాళ్ల చేతిలో ఫైలు ఉందా లేదా? నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. అక్కడి పీఏసీ వెనక ప్రభుత్వ ఆడిటరైన కాగ్ ఉంది, నామా లెక్కలు తిరగేసే అధికారం కాగ్‌కు ఉంది. 2016 సెప్టెంబరు నివేదికలో కాగ్ తేల్చింది ఇది: నామా మామూలుగా వాడే 5.5 శాతం డిస్కౌంట్ రేటుతో (రేపు వచ్చే డబ్బుకు ఈరోజు విలువ కట్టడానికి తగ్గించే రేటు) ఆ అప్పుల విలువ 149 కోట్ల పౌండ్లు, పెట్టిన కనీస ధర 130 కోట్లు. అంటే 19 కోట్ల దాకా నష్టం.

రేటు మారితే ఎంత తేడా వస్తుందో చూడండి. ఐదేళ్ల తర్వాత చేతికొచ్చే వంద రూపాయలకు 5.5 శాతం లెక్కన ఈరోజు విలువ 76 రూపాయల 50 పైసలు. అదే 10 శాతం వేస్తే 62 చిల్లర. ఆస్తి అదే, అద్దె అదే. కొనేవాళ్లు ఎక్కువ రేటే వేస్తారని నామా గట్టిగా వాదించింది, అందులో కొంత న్యాయం ఉంది కూడా. కానీ ఆ వాదన నలుగురి ముందు, అంకెలకు అంకెలతో వినిపించాల్సి వచ్చింది. బిడ్ల గడువుకు ముందురోజు ఆర్థిక మంత్రి సెర్బెరస్ వాళ్లను కలవడం పద్ధతి కాదని పీఏసీ 2017 మార్చిలో రాసేసింది. మంత్రి ఒప్పుకోలేదనుకోండి.

పీఏసీకి ఒక పెద్ద లోటుంది. ఫలానా వ్యక్తి తప్పు చేశాడని పార్లమెంటు కమిటీలు తేల్చకూడదని 2002లో ఐరిష్ సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని మార్చడానికి 2011లో రెఫరెండం పెడితే జనం వద్దన్నారు. డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందో తేల్చాలంటే ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకునే కమిషనే కావాలి. 2017లో అదీ వేశారు. విచారణ దాదాపు అంతా తలుపులు మూసే జరిగింది, గడువు మళ్లీ మళ్లీ పెంచారు. 2022లో విచారిస్తున్న జడ్జి కన్నుమూస్తే ఇంకొకరికి అప్పగించారు. డబ్బు కట్టిన జనానికి అన్నేళ్లూ ఎదురుచూపే.

బెల్‌ఫాస్ట్‌లోని నార్తర్న్ ఐర్లాండ్ అసెంబ్లీ కమిటీ కూడా విచారణ పెట్టింది కానీ, తాము జవాబుదారీ డబ్లిన్‌లోని ఐరిష్ పార్లమెంటుకేనని నామా అక్కడికి వెళ్లనేలేదు. సభలో మంత్రిని అడిగే ప్రశ్నలంటారా, మొదటి నిప్పు రాజేయడానికి పనికొస్తాయి, అంతే.

నన్నడిగితే ముందు పీఏసీ, మనుషుల మీద అనుమానం మిగిలితేనే కమిషన్. ఎన్‌ఏఆర్‌సీఎల్ గురించి అడిగేవాళ్లు కూడా మొదట కనుక్కోవాల్సింది, దాని ధరల ఫైలు తెరిచి చూసే అధికారం ఏ ఆడిటర్‌కు ఉందన్నదే.