డార్మర్ ఇంట్లో మీద గదులకి ఇన్సులేషన్ చేయించాం: 5కి 4 ఇస్తా, ఆ ఒక్కటీ ఎందుకు కోశానో చదవండి

మేముండేది ఐర్లాండ్‌లో, మీత్ కౌంటీ. 1999లో కట్టిన డార్మర్ ఇల్లు, అంటే మీద గదులు సగం పైకప్పులోనే ఉంటాయి, గోడ నడుం ఎత్తు దాకా వచ్చి అక్కణ్ణుంచి సీలింగ్ ఏటవాలుగా పోతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉందని కొనేశాం. మొదటి డిసెంబర్లో తెలిసింది, కింద హాల్లో 20 డిగ్రీలుంటే మీద పిల్లాడి గదిలో తెల్లారేసరికి 13!

మొదట ఒకాయన్ని పిలిస్తే అటక మీద 300 మిల్లీమీటర్ల మందాన ఇన్సులేషన్ రోల్స్ (ఇంట్లో వేడి బయటికి పోకుండా ఆపే మెత్తటి చుట్టలు) పరిచి డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు, తేడా ఏం లేదు. ఎందుకుంటుంది, మా ఇంట్లో ఆ బల్లపరుపు భాగం ఉన్నదే కాస్త, మిగతాదంతా ఏటవాలు, పొట్టి గోడలే కదా. పైగా గ్రాంట్ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఎస్‌ఈఏఐ (ఇక్కడి ప్రభుత్వ ఇంధన సంస్థ) వాళ్ళు 2011కి ముందు కట్టిన ఇళ్ళకి ఇస్తారు కానీ పని మొదలుపెట్టక ముందే అప్రూవల్ రావాలి, వాళ్ళ లిస్టులో ఉన్న కాంట్రాక్టరే చెయ్యాలి. ఆ డబ్బు అలా పోయింది.

ఈ రివ్యూ రెండో కంపెనీ గురించి (పేరు రాయట్లేదు, కారణం కింద ఉంది). సర్వేకి వచ్చినాయన పొట్టి గోడలో ఉన్న చిన్న తలుపు తీసి, కొవ్వొత్తి ఉందా అనడిగాడు. మా ఆవిడ దేవుడి గూట్లోంచి అగరబత్తి తెచ్చిచ్చింది. లోపలికి దూరి నేల కింద దూలాల సందు దగ్గర పెడితే పొగ పైకి లేవకుండా అడ్డంగా సందులోకి లాక్కుపోయింది! అంటే చూరులోంచి వచ్చే గాలి నేరుగా మా గది నేలకీ కింది సీలింగుకీ మధ్య తిరుగుతోందన్నమాట, పైన ఎంత పరిస్తే ఏం లాభం.

మూడు రోజులు చేశారు. ఆ సందులన్నిటికీ గట్టి ఫోమ్ బోర్డు ముక్కలు కోసి పెట్టి అంచులు ఫోమ్‌తో మూశారు, పొట్టి గోడల వెనక బోర్డులు బిగించారు. ఏటవాలు దగ్గర మాత్రం వాసాల మధ్య నిండా కుక్కేయకుండా పైన 50 మిల్లీమీటర్లు గాలికి వదిలారు, లేకపోతే చెమ్మ పట్టి చెక్క కుళ్ళిపోతుందట. లోపలి వైపు ఇన్సులేటెడ్ ప్లాస్టర్‌బోర్డు కొట్టారు, దాంతో గది రెండు వైపులా కాస్త ఇరుకైంది, పిల్లాడి బీరువా ఇప్పుడు ఆ మూలలో పట్టదు, ముందే కొలుచుకోండి.

ఇక గొడవ. బాత్రూం ఫ్యాన్ గొట్టం బయటికి కాకుండా అటకలోకే ఆవిరి వదులుతోందని కనిపెట్టారు, మంచిదే, బయటికి మార్చారు కూడా, కానీ ఒక్క మాట చెప్పకుండా బిల్లులో కలిపేశారు. ఆ చిన్న తలుపులకి రబ్బరు సీల్ వెయ్యకుండానే పనైపోయిందన్నారు, మూడుసార్లు ఫోన్ చేస్తే రెండు వారాలకి వచ్చారు. వచ్చి వేశారు కాబట్టే పేరు బయటపెట్టట్లేదు.

ఇప్పుడు అదే గదిలో పొద్దున 17 తగ్గట్లేదు, మావాడు రెండో రగ్గు తన్నేస్తున్నాడు. పడమటి గాలి గట్టిగా కొట్టినప్పుడు మాత్రం కిటికీ పక్క మూల ఇంకా సన్నగా ఈల వేస్తోంది, నిన్ననే వాళ్ళకి వీడియో తీసి పంపా.