రైలు రాని స్టేషన్‌లో ఒక పూట

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడ్డానికి వెళ్లి, డిసెంబరులో ఒక రోజు యానిక్ ఊరు చూసొచ్చాం. స్పెల్లింగు చూసి ‘అల్న్‌విక్’ అన్నానని అమ్మాయి నవ్వింది. అల్న్‌మత్ వరకు రైలు అరగంట, అక్కడినుంచి బస్సు. అందరూ వచ్చేది కోట కోసమే. చలికాలమంతా అది మూసే ఉంటుంది. ముందే చూసుకోకపోవడం నా తప్పు.

ఆ బాధ పాత రైల్వే స్టేషన్‌లో తీరింది. 1850లో అల్న్‌మత్ నుంచి మూడు మైళ్ల బ్రాంచి లైను వేశారు. ఇప్పుడున్న రాతి భవనాన్ని 1887లో ఆర్కిటెక్ట్ విలియం బెల్ కట్టించాడు. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద స్టేషనా అనిపిస్తుంది. కోటలో ఉండేది నార్తంబర్లాండ్ డ్యూక్ మరి, ఆయన ఇంటికి వచ్చే చుట్టాలు మామూలువాళ్లు కాదు! 1968లో రైళ్లు ఆగిపోయాయి. తర్వాత వేసిన బైపాస్ రోడ్డు పాత పట్టాల దారిని కోసేసింది. అందుకే ఔత్సాహికులు నడుపుతున్న ఆవిరి రైలు కూడా ఊరి బయట లయన్‌హార్ట్ స్టేషన్ దగ్గరే ఆగిపోతుంది.

1991 నుంచి ఈ స్టేషన్ ‘బార్టర్ బుక్స్’ అనే పాత పుస్తకాల షాపు. మన పుస్తకాలిస్తే, వాటి విలువకు అక్కడివి తీసుకోవచ్చు. వెయిటింగ్ రూముల్లో బొగ్గుల పొయ్యి వెలుగుతుంటే కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. అల్మారాల మీద బొమ్మ రైలు తిరుగుతూ ఉంటుంది. ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ (కంగారు పడకుండా మీ పని మీరు చేసుకోండి) అనే, రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ ప్రభుత్వ పోస్టరు 2000లో బయటపడింది ఇక్కడే, వేలంలో కొన్న పుస్తకాల పెట్టె అడుగున. 1939లో దాదాపు 25 లక్షలు అచ్చేసి, జనానికి చూపించకుండానే చాలావరకు గుజ్జు చేసేశారట. ఇప్పుడు కప్పుల మీదా, టీషర్టుల మీదా అదే.

మా ఆవిడ మాంసం తినదు. స్టేషన్‌లోనే ఉన్న ‘బఫే’ అనే కెఫేలో సూపు, స్కోన్ (బన్నులాంటిది), టీతో ఆమెకు గడిచిపోయింది.

రాత్రి ఊళ్లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ పది దాటగానే హీటర్ ఆపేశారు. సూట్‌కేసులు మూడో అంతస్తుకు మేమే మోసుకున్నాం. మీరైతే న్యూకాజిల్‌లోనే ఉండి, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయండి. తిరుగు బస్సు టైము మాత్రం దిగగానే కనుక్కోండి.

నేను పుస్తకాలు పదకొండు ఏరుకున్నాను. విమానంలో 23 కిలోలే అని మా ఆవిడ గుర్తుచేశాక మూడు మిగిలాయి.